తేలికపడ్డ మనిషి

బిస్కట్ల ఫ్యాక్టరీలో కౌన్సెలరుకు ఇచ్చిన గది ఒకప్పుడు ఎసెన్సు డబ్బాలు దాచిన గది. ఎన్నిసార్లు కడిగించినా గోడల్లోంచి వెనీలా వాసన పోలేదు. నిద్రపట్టనివాళ్ళు, తాగుడు మానలేనివాళ్ళు, పక్క మెషీనువాళ్ళతో మాటలు మానేసినవాళ్ళు వచ్చి ఆ తియ్యటి వాసన మధ్య కూర్చుని తమ చేదంతా చెప్పుకుని వెళ్ళేవారు. ఆమె చదివింది సైకాలజీ. అయినా అందరూ డాక్టరమ్మ అనే పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పి చూసింది, తరవాత ఊరుకుంది.

ఊళ్ళో మరో కంపెనీలో, ఉద్యోగం పోయిన ఒకతను తన పాత ఆఫీసుకు వెళ్ళి పైఅధికారిని పొడిచాడు. ఆ వార్తతో ఈ ఫ్యాక్టరీ యాజమాన్యానికి కూడా గుబులు పట్టుకుంది. కౌన్సెలరును శిక్షణకు పంపారు. ఒక మనిషి ఇంకో మనిషికి కీడు తలపెట్టినప్పుడు అది ముందుగా ఎక్కడెక్కడ బయటపడుతుంది, మాటలో ఎలా తొంగిచూస్తుంది, నడతలో ఏం మారుతుంది అన్నది అక్కడ నేర్పారు. పాఠం చెప్పిన పెద్దాయన ఒక మాట పదేపదే అనేవాడు. బెదిరించేవాడు వేరు, ప్రమాదకరమైనవాడు వేరు. ఒక్కోసారి ఇద్దరూ ఒకడే అవుతారు. కాని ఒకణ్ణి చూసి రెండోవాణ్ణి కూడా చూసేశామని అనుకోవద్దు.

ఇంటికొచ్చి ఆ సంగతి పిన్నికి చెబితే, మొరిగే కుక్క కరవదని చెప్పడానికి ఇన్నాళ్ళ క్లాసులెందుకే అంది పిన్ని. మొరిగి కరిచే కుక్కలు కూడా ఉంటాయి పిన్నీ అని నవ్వింది కౌన్సెలరు. ఆ నేర్చుకున్నది త్వరలోనే పనిలో పెట్టాల్సి వస్తుందని అప్పటికి ఆమెకు తెలియదు.

ఫ్యాక్టరీలో పిండి కలిపే విభాగంలో ఒకతను ఉండేవాడు. పేరు ఏదైనా అందరికీ అతను మైకే. మిక్సర్లు తిరిగే చోట ఏళ్ళ తరబడి అరిచి మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు అలా స్థిరపడిపోయింది. మెల్లగా మాట్లాడమంటే ఒళ్ళు బాగాలేదా అన్నంత బాధగా మొహం పెట్టేవాడు. ఒకరోజు క్యాంటీనులో అతనికీ షిఫ్టు ఇన్‌చార్జికీ మాటా మాటా పెరిగింది. భోజనం విరామం తగ్గించినందుకు మొదలైన గొడవ. అందరూ చూస్తుండగా మైకు పళ్ళెం బల్లమీద కొట్టి, నీ కాళ్ళు విరగ్గొట్టి మిక్సర్లో వేస్తానని అన్నాడు. ఇన్‌చార్జి మొహం పాలిపోయింది. అతను కాస్త పొగరుగా కనిపించినా లోపల పిరికివాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యకు చెబితే ఆవిడ మరునాడు పొద్దున్నే మేనేజరుకు ఫోన్ చేసి ఏడ్చింది.

మేనేజరు కౌన్సెలరును పిలిచి, ఇదిగో మీ శిక్షణకు పనిపడింది, ఆ మనిషి సంగతి తేల్చండి అన్నాడు.

మైకును గదిలో కూర్చోబెట్టి ఆమె చాలాసేపు మాట్లాడింది. అతను దేనికీ తడుముకోలేదు. కుర్రతనంలో ఒకసారి వీధిలో కొట్టుకున్నానని తనే చెప్పాడు. అల్లిన అబద్ధం ఒక్కటీ లేదు అతని మాటల్లో. ఇన్‌చార్జిని నిజంగా ఏమైనా చేసే ఉద్దేశం ఉందా అని అడిగితే అతనికి నవ్వొచ్చింది.

"మా అత్తగారిని ఇప్పటికి వందసార్లు చంపుతానన్నానండీ. ఆవిడ నిన్న కూడా మారు వడ్డించుకుని తిన్నారు."

కౌన్సెలరుకు కూడా నవ్వొచ్చింది. ఆపుకుంది. అతను ఏ ఏర్పాటూ చేసుకోలేదు, ఎవరినీ వెంటాడలేదు, కోపం వచ్చిన చోటే కక్కేసి మరిచిపోయే రకమని ఆమెకు అర్థమవుతూనే ఉంది. కాని అటువైపు మేనేజరు రోజూ అడుగుతున్నాడు, ఇన్‌చార్జి భార్య మళ్ళీ ఫోన్ చేసింది, పక్క కంపెనీలో జరిగిన సంగతి అందరి కళ్ళ ముందూ ఉంది. ప్రమాదం లేదని తను చెప్పాక రేపు ఏదైనా జరిగితే? ఆ భయం ఆమె చదువు కంటే గట్టిది. కొంతకాలం దూరంగా ఉంచితే అందరికీ మంచిదని మేనేజరుకు చెప్పింది. అతన్ని పంపేస్తే ఇంక భయంలేదని ఇన్‌చార్జి భార్యకూ చెప్పింది. మైకును మూడు నెలలు సస్పెండ్ చేశారు.

ఆ సంగతి చెప్పడానికి పిలిచినప్పుడు అతను గోల చేస్తాడనుకుంది. చెయ్యలేదు. లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"నన్ను పంపేస్తే పంపండి మేడంగారూ. కానీ బావని కాస్త చూస్తుండండి. ఆయనతో కలిసి భోంచేసేవాడు ఇంకెవడూ లేడు."

బావంటే చుట్టరికం ఏమీ కాదు. ఓవెన్ మాస్టరును మైకు అలా పిలిచేవాడు. కౌన్సెలరు తల ఊపింది. వెళ్ళేముందు మనసు కరిగించడానికి అన్న మాటగా తీసుకుంది దాన్ని.

ఓవెన్ మాస్టరు ఆమెకు కొత్తవాడు కాదు. పెళ్ళికాకముందు నుంచీ ఆ ఫ్యాక్టరీలో పొడుగాటి ఓవెను పక్కనే గడిపిన మనిషి. గొంతు పెద్దగా లేవదు. బిస్కట్టు అంచు రంగు తిరగబోతుంటే వాసనతోనే చెప్పేవాడు. కొత్త ఓవెను, దానితోపాటు కంప్యూటరు తెరలూ మీటలూ వచ్చాక కూడా ఆయన్నే ఉంచారు. మైకు గొడవకు కొన్ని నెలల ముందు ఒకరోజు ఆ ఓవెనులో బెల్టు ఇరుక్కుంది. లోపలి బిస్కట్లన్నీ మాడి, పొగగొట్టంలో మంట లేచి, విభాగం మొత్తం ఆగిపోయింది. ఓవెను నడిపేవాడి నిర్లక్ష్యమే కారణమని ఇన్‌చార్జి రిపోర్టు ఇచ్చాడు. బెల్టును లాగే డ్రమ్ము బిగుసుకుంటోందని తను ముందే ఇన్‌చార్జికి చెప్పానని మాస్టరు మొత్తుకున్నాడు. నోటిమాటగా చెప్పాడు గనుక రుజువు లేకపోయింది. ఆయన్ను ప్యాకింగుకు మార్చారు. బెల్టు మీద వచ్చే విరిగిన బిస్కట్లు ఏరి పక్కన వెయ్యడం అక్కడ ఆయన పని.

ఆ రోజుల్లోనే నిద్రపట్టడంలేదని కౌన్సెలరు దగ్గరికి వచ్చాడు. ఏ మాట మొదలుపెట్టినా ఆ రిపోర్టు దగ్గరికే చేరేవాడు. కూతురి చదువు గురించి అడిగితే, దాని స్నేహితులకు కూడా తెలిసిపోయిందండీ, నాన్న వల్ల ఫ్యాక్టరీ తగలబడిందట అనుకుంటున్నారు అనేవాడు. ఆరోగ్యం గురించి అడిగితే, ఇన్‌చార్జి మొహం చూసిన రోజున గుండె దడ అనేవాడు. గానుగెద్దు లాగా అదే చుట్టూ. ఆమె ఊపిరి మీద ధ్యాస పెట్టమంది, సాయంత్రాలు నడవమంది, జరిగినదాన్ని వదిలెయ్యడం నేర్చుకోవాలంది. ఆయన శ్రద్ధగా విని, సరేనండీ అని లేచేవాడు. హెడ్డాఫీసుకు అప్పీలు పెట్టుకున్నాడు. ఇక మార్పు ఉండదని అక్కణ్ణించి జవాబు వచ్చింది. ఆ తరవాత ఆయన కౌన్సెలరు గదికి రావడం మానేశాడు.

మైకు వెళ్ళిపోయిన కొన్ని వారాలకు ఆమెకు ఆ తలుపు దగ్గరి మాట గుర్తొచ్చి ప్యాకింగు విభాగానికి వెళ్ళింది. మాస్టరు ఎదురొచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన మొహంలో ఆ పాత గుబులు లేదు. మీ పిన్నిగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని ఆయనే అడిగాడు. ఎప్పుడో మాటవరసకు చెప్పింది గుర్తుపెట్టుకున్నాడు. నిద్రపడుతోందా మాస్టరుగారూ అని అడిగితే, బ్రహ్మాండంగా పడుతోందన్నాడు.

"ఇంక నిర్ణయం అయిపోయిందండీ. మనసు తేలికపడింది."

ఆమెకు ఎంతో సంతోషమైంది. ఆ మాటే చెప్పింది కూడా. త్వరగా రిటైరవుదామని తేల్చుకున్నాడేమో, లేదా ఇన్నాళ్ళకు ఆ రిపోర్టును వదిలేశాడేమో అనుకుంది. ఏదైనా మంచిదే. నిండుకుండ తొణకదని ఊరికే అనలేదు పెద్దలు అని కూడా మనసులో మెచ్చుకుంది. ఆ మధ్యాహ్నం మేనేజరు గదిలో వేరే పని మీద కూర్చున్నప్పుడు, మన దగ్గర బాగుపడినవాళ్ళు కూడా ఉన్నారండీ అని మాస్టరు సంగతి గొప్పగా చెప్పింది.

ఆ తరవాతి శుక్రవారం పొద్దున, షిఫ్టు మారే వేళ, మాస్టరు ప్యాకింగుకు వెళ్ళకుండా ఓవెన్ల హాల్లోకి వెళ్ళాడు. బెల్టుకు అంటుకున్న మాడు గీకే పొడుగాటి ఇనపకడ్డీ ఎక్కడ ఉంటుందో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. హాలు చివర అద్దాల గదిలో ఇన్‌చార్జి బల్లమీదికి వంగి ఏదో చూసుకుంటున్నాడు. తల ఎత్తే వ్యవధి కూడా దొరకలేదు అతనికి. జనం పరిగెత్తుకొచ్చేసరికి అతను కుర్చీకీ గోడకీ మధ్య పడి ఉన్నాడు. మాస్టరు కడ్డీని దాని చోటులో మళ్ళీ ఆనించి, ఓవెను పక్కన తన పాత స్టూలు మీద కూర్చున్నాడు. కొత్తగా ఓవెను నడుపుతున్న అమ్మాయితో మామూలుగా చెప్పాడు.

"వేడి కాస్త తగ్గించమ్మా. అంచులు మాడుతున్నాయి."

పోలీసులు వచ్చేదాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు.

ఇన్‌చార్జి బతికాడు. కాని కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. కాలక్రమేణా కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు.

ఫ్యాక్టరీ నాలుగు రోజులు మూతపడి తెరుచుకుంది. తెరిచిన రోజు నుంచీ కౌన్సెలరు గదికి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. చెప్పుకోకపోతే లోపల నిలవలేక వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, చెప్పడమన్నా చెయ్యాలి కదా అన్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్. మాస్టరు తన సెలవు రోజుల్లో వచ్చి ఇన్‌చార్జి కారు పెట్టే షెడ్డు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడట. ఇంట్లో తోచడంలేదు కాబోలని అతను టీ కూడా తెప్పించాడట. మీకందరికీ త్వరలో సెలవులు దొరుకుతాయి చూస్తుండు అని మాస్టరు ఒకసారి నవ్వుతూ అంటే, మీ నోటి చలవ అని తనూ నవ్వాడట.

అందరికంటే ఎక్కువ నలిగిపోయింది ప్యాకింగులో డబ్బాలకు లేబుళ్ళు అంటించే ఆమె. మాస్టరు ఆమెను చెల్లెమ్మా అనేవాడు, ఆమె అన్నయ్యా అనేది. ఇన్‌చార్జి ఏ వేళకు వస్తాడు, వచ్చాక ముందు ఎక్కడికి వెళ్తాడు అని ఆయన రెండు మూడుసార్లు అడిగాడట. తనను మళ్ళీ ఓవెనుకు మార్చమని బతిమాలుకోవడానికి కాబోలని ఆమె తెలిసినంత చెప్పింది. గురువారం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన ఆమెను పక్కకు పిలిచాడు.

"రేపు నువ్వు రాకు చెల్లెమ్మా అన్నాడండీ. ఎందుకన్నయ్యా అంటే, చూడకూడనివి చూస్తే నీకు నిద్రపట్టదు అన్నాడు. తనిఖీ ఏదైనా ఉందేమో, ఎవరినో తీసేస్తారేమో అనుకున్నాను. సెలవు పెట్టుకుని పిల్లల బట్టలు ఉతుక్కుంటూ కూర్చున్నాను." ఆమె కౌన్సెలరు మొహంలోకి చూసింది. "ఎవరితో చెప్పాలండీ నేను? ఏమని చెప్పాలి? మా అన్నయ్య నన్ను సెలవు పెట్టుకోమన్నాడని కంప్లయింట్ చెయ్యాలా?"

ఇలాంటివి విన్నప్పుడు నా దగ్గరికి రండి అని కౌన్సెలరు ఈ మనుషులకు ఎన్నడూ చెప్పలేదు. శిక్షణలో విన్నదంతా తన తలలోనే దాచుకుంది, ఎసెన్సు డబ్బాలు దాచినట్టు. అందరి చేతుల్లోనూ తలో ముక్క ఉంది. ఆ ముక్కలన్నీ ఒకచోట పెడితే గుడ్డివాడికి కూడా బొమ్మ కనబడేది. కాని వాళ్ళ సంగతి పక్కన పెట్టినా, అన్నిటికంటే పెద్ద ముక్క పడింది తన చేతిలోనే. ఒక మనిషి నెలల తరబడి అన్యాయం అన్యాయమని రగిలి, దారులన్నీ మూసుకుపోయాక, ఉన్నట్టుండి చల్లబడితే భయపడాలని ఆమెకు నేర్పించారు. ఆమె అది పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చి పిన్ని మోకాళ్ళ గురించి అడిగేసరికి మాత్రం ఆ పాఠం గుర్తుకు రాలేదు. నివురు గప్పిన నిప్పును చూసి మంట చల్లారిందని సంబరపడింది.

ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. ఇన్‌చార్జి భార్య వరండాలో కూర్చుని ఉంది. కౌన్సెలరును చూసి లేచి నిలబడింది, మర్యాద కోసం కాదు.

"ఆ అరిచేవాణ్ణి పంపేశాక ఇంక భయంలేదన్నారు మీరు. ఆ మాట నమ్మి నేను రోజూ ఆయన్ని నవ్వుతూ పంపాను."

తిట్టినా బాగుండేదనిపించింది కౌన్సెలరుకు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది. ఇన్‌చార్జి ఎడమచేతితో దుప్పటి అంచు నలుపుతున్నాడు. నోరు ఒకవైపు లాగుతోంది. రెండోసారి వెళ్ళినప్పుడో మూడోసారి వెళ్ళినప్పుడో అతను ఏదో చెప్పడానికి పెనుగులాడాడు. మంచినీళ్ళేమోనని గ్లాసు అందిస్తే తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ప్రయత్నించాడు.

"డ్ర...మ్ము. చె...ప్పాడు."

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఎడమచెయ్యి దుప్పటి అంచును వదల్లేదు. భార్య వచ్చి తుడిచింది. ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు. కౌన్సెలరుకు అర్థమైంది. అప్పటికప్పుడు అది ఎవరికి చెప్పినా ఎవరికీ మేలు జరగదని కూడా అర్థమైంది. అయినా తరవాత మేనేజరుకు చెప్పింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నాడు. విచారణాధికారికి నేను చెబుతాను మరి అంది. చెప్పింది.

మైకు ఇంటికి ఒక ఆదివారం వెళ్ళింది. చిన్న ఇల్లు. ముందు గదిలో అత్తగారు కాబోలు ఒకావిడ బఠాణీలు ఒలుస్తోంది. మైకు కౌన్సెలరును లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, అలమరలో ఉన్న పాత రేడియో చూపించాడు.

"బావదండీ. ఆయన ప్రాణం ఇది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మొన్నామధ్య సాయంత్రం వచ్చి, ఇది నువ్వు ఉంచుకోరా అన్నాడు. ఎందుకు బావా అంటే, నాకింక వినే తీరిక ఉండదులే అన్నాడు." మైకు రేడియోను వెనక్కి నెట్టాడు. "నేను సంబరపడి తీసుకున్నాను. ఆ తరవాత ఆయన వెళ్ళేదాకా నా గోలే చెప్పుకున్నానండీ. నన్నెలా పంపేశారు, ఎంత అన్యాయం, వాడెంత, వీడెంత. ఆయనకు నోరు తెరిచే సందు ఇవ్వలేదు."

కౌన్సెలరు అతన్ని అడగవలసింది అడిగింది. ఇన్‌చార్జిని ఏదైనా చేస్తానని మాస్టరు అంతకుముందు ఎప్పుడైనా అన్నాడా?

అన్నాడు. భోజనాల దగ్గర ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. వాణ్ణి చంపితే గాని నా మీద పడ్డ మచ్చ పోదురా అని మెల్లగా, ముద్ద కలుపుకుంటూ అనేవాడు. అన్నప్పుడల్లా మైకు ఆయన వీపు మీద ఒకటి చరిచి, నువ్వు చీమను తొక్కాలంటేనే చీమ దగ్గర అనుమతి తీసుకుంటావు, నీకెందుకు బావా ఈ పెద్ద మాటలు, ఆ పనికి నేనున్నాగా అని అరిచేవాడు. పక్క బల్లలవాళ్ళందరూ నవ్వేవారు. మాస్టరు కూడా నవ్వేవాడు. ఆ పూటకు అది దులిపేసినట్టయ్యేది. మరునాడు మళ్ళీ పట్టేది. మళ్ళీ దులిపేవాడు.

క్యాంటీనులో మైకు ఇన్‌చార్జి మీద అలా విరుచుకుపడిన రోజున కూడా, పక్కన మాస్టరు కూర్చుని ఉన్నాడు. విరామం సంగతి ఒక సాకు. బావ తరఫున నాలుగు మాటలు తను అనేస్తే ఆయన కడుపు చల్లబడుతుందనుకున్నాడు మైకు.

"ఈ మాట అప్పుడే నాతో చెప్పి ఉండొచ్చు కదా" అంది కౌన్సెలరు.

"మీరు నా గురించి అడిగారండీ. ఆయన గురించి అడగలేదు. నేనుగా చెబితే బావను ఇరికించినట్టు అవుతుందనుకున్నా." అతని గొంతు పక్కగదిలోకి కూడా వినపడనంత కింద ఉంది. "చూస్తుండండి అని మాత్రం అన్నా. అంతకంటే గట్టిగా చెప్పాల్సింది. గట్టిగా చెప్పడం ఒక్కటేగా నాకొచ్చింది."

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళింది ఆమె. పిన్ని తలుపు తీసి మొహం చూసింది. కాళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు పెట్టింది. ప్రమాదమనుకుని తను పంపేసినవాడే, అసలు ప్రమాదానికి రోజూ మధ్యాహ్నం అడ్డంపడుతున్న ఒకే ఒక్క మనిషి. ఈ మాట పిన్నికి చెప్పింది. తెలిసి చేశావా అంది పిన్ని. తెలియకపోవడమే కదా పిన్నీ నా తప్పు, తెలుసుకోవడానికేగా నాకు జీతమిచ్చేది అంది కౌన్సెలరు.

మైకును వెనక్కి తీసుకున్నారు. తీసుకోమని ఆమే మేనేజరు వెంటపడింది. హెడ్డాఫీసువాళ్ళు వచ్చి, ఇక్కడి అనుభవాన్ని మిగతా ఫ్యాక్టరీల్లో కూడా వివరించాలని ఆమెను అడిగారు. వెళ్ళి చెప్పింది. తను చేసిన పనిని ఇంకెవరో చేసినట్టుగా చెబుదామని మొదట అనుకుంది. నిలబడ్డాక అలా కుదరలేదు. నేను అని మొదలుపెట్టింది.

చలి తగ్గుతున్న రోజుల్లో జైలుకు వెళ్ళి మాస్టరును చూసింది. ఇనపతీగెల జాలీకి అటువైపు ఆయన, ఇటువైపు ఈమె. ఆయన చిక్కాడు. ఆ రోజు ఎదురొచ్చినప్పటి నిశ్చింత పూర్తిగా పోయింది. పాత గుబులు మళ్ళీ మొహంలోకి వచ్చి చేరింది. ముందుగా ఆయనే అడిగాడు, ఇన్‌చార్జికి మాట వచ్చిందా అని. కొద్దికొద్దిగా వస్తోందని చెప్పింది. డ్రమ్ము సంగతి అతను ఒప్పుకున్నాడని, తను ఆ మాట విచారణలో చెప్పానని కూడా చెప్పింది. మాస్టరు జాలీ తీగెల్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంత జరిగితే గాని చెప్పలేకపోయాడా అండీ?" అని తీగెల్ని వదిలి, "ఆ మాట కోసం నేను ఆ మనిషిని మాట లేకుండా చేశాను" అన్నాడు.

ఇంత దూరం వచ్చింది ఒక్క ప్రశ్న కోసం. ఆమె అది అడిగింది. ఆ రోజు ప్యాకింగులో, నిర్ణయం అయిపోయిందని నాతో ఎందుకన్నారు మాస్టరుగారూ?

"ఏమోనండీ. ఏం నిర్ణయమని మీరు అడుగుతారనుకున్నాను."

"అడిగి ఉంటే చెప్పేవారా?"

ఆయన నేలకేసి చూస్తూ ఆలోచించాడు. ఆమెను బాధపెట్టకూడదని ఆలోచిస్తున్నాడో, నిజమేమిటో వెతుక్కుంటున్నాడో ఆమెకు తెలియలేదు.

"తెలీదండీ. కానీ అబద్ధమాడటం నాకు బాగా రాదు."

వార్డరు వేళయిందన్నాడు. మాస్టరు లేచి దణ్ణం పెట్టాడు. తిరిగి రెండడుగులు వేసి ఆగి, పిన్నిగారిని అడిగానని చెప్పండి అని లోపలికి వెళ్ళిపోయాడు.

బయట పొడుగాటి షెడ్డు కింద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళలో మాస్టరు భార్య కనిపించింది. ఒళ్ళో బట్టల సంచి. ఆమెను కౌన్సెలరు ఒక్కసారే చూసింది, కోర్టు మెట్ల మీద. పక్కకు జరిగి చోటిచ్చింది ఆవిడ. కూతుర్ని వేరే బడిలో వేశామని, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడటం తగ్గించేసిందని చెప్పింది. ఆయన రక్తపోటు మాత్రలు మానేసినప్పుడే తను గట్టిగా అడగాల్సిందని చెప్పింది. అడిగితే, ఇప్పుడవెందుకే అని నవ్వాడట. మొగుడు నవ్వి ఎన్నాళ్ళయిందో అని ఆ నవ్వుకే మురిసిపోయి ఊరుకుందట. ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఏడ్చి ఆ దశ దాటిపోయినట్టుంది.

పేరు పిలిచే వేళకు లేవబోతూ ఆగింది.

"నన్ను ఆ ఇన్‌చార్జిగారి భార్య దగ్గరికి ఒకసారి తీసుకెళ్తారా అమ్మా?"

వద్దని చెప్పడానికి కౌన్సెలరుకు వెంటనే కారణాలు తోచాయి. అవేవీ చెప్పలేదు.

"వెళ్ళి ఏం చెబుదామని?"

"చెప్పడానికి నా దగ్గరేముంది. ఆవిడ తిడితే పడదామని. ఆవిడకు తిట్టడానికి కూడా ఎవరూ లేరు కదా."

కౌన్సెలరు మరుసటి వారం ఇన్‌చార్జి ఇంటికి వెళ్ళింది. అతన్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేశారు. గోడ పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా నడిపిస్తోంది భార్య. ఆ నడక అయ్యేదాకా కౌన్సెలరు గుమ్మంలోనే నిలబడింది. తరవాత వంటగదిలో ఆవిడతో, ఎవరు రావాలనుకుంటున్నారో, ఎందుకు రావాలనుకుంటున్నారో, విన్నది విన్నట్టుగా చెప్పింది. రమ్మనమని గాని, క్షమించమని గాని ఒక్క మాట కూడా సలహా ఇవ్వలేదు.

ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి, మూత పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు కాదని చెప్పండి" అంది చివరికి.

కౌన్సెలరు అక్కణ్ణించి బస్సెక్కి మాస్టరు ఇంటికి వెళ్ళింది. ఆ మాటనే, దానికి ఏమీ కలపకుండా, దాంట్లోంచి ఏమీ తీసెయ్యకుండా, మాస్టరు భార్యకు చెప్పింది.